మూడు కొడితే ఆగాలి

పోయినవారం మనం కాలరక్కని బడి హాల్లో, నల్లబల్ల కింద పరిచిన పరుపు మీద, గోడవైపు తిరిగి పడుకుని ఉండగా వదిలి వచ్చాం. గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారనీ, ఆమె తల తిప్పి చూడలేదనీ చెప్పుకున్నాం. ఆ వచ్చినవాడి దగ్గరికి వెళ్ళేముందు వెనక జరిగింది ఒకసారి తలుచుకుందాం.

భూమి కదిలింది. పాతవీధి మొత్తం, ఎవరో దుప్పటి దులిపినట్టు, ఒక్క విసురులో నేలకి ఒరిగిపోయింది. ఆ శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటికొచ్చినవాళ్ళలో కాలరక్కే ఆఖరు. ఆమె తోడికోడలు, ఊరంతా కాజాలక్క అని పిలిచే చిన్నది, ఇంకా ఆ కిందే ఉంది. ఉంది అనాలో, ఉండేది అనాలో తెలియక, ఆమె ఊసు రాగానే జనం మాట మధ్యలో ఆపేసి దగ్గుతున్నారు.

ఇద్దరిదీ ఒకే కుట్టుకొట్టు. పెద్దది గుడ్డ కత్తిరించి కాలర్లు కుడుతుంది, చిన్నది కాజాలు తీసి బొత్తాలు వేస్తుంది. పేర్లు అలా వచ్చినవే. ఆ ఊళ్ళో బడికెళ్ళే ఏ పిల్లాడి మెడ చుట్టూ చూసినా పెద్దదాని చెయ్యి కనబడుతుంది, గుండెల మీద చూస్తే చిన్నదాని చెయ్యి. పెద్దదాని మొగుడు ఎప్పుడో జ్వరంతో పోయాడు. చిన్నదాని మొగుడు ఓడలో వంటవాడు, కబురు అందినా నడిసముద్రంలోంచి నడిచి రాలేడు గదా. ఇంట్లో మిగిలింది అత్తగారు. ఆవిడ ఆ పొద్దున కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వెళ్ళింది. జోళ్ళవాడు ఆలస్యం చేస్తున్నాడని అతని ఏడుతరాలనీ నోట్లో వేసుకుని నములుతూ కూర్చుందట, అంతలో నేల అదిరింది. ఇప్పుడు ఆలస్యం చేసినందుకు ఆ జోళ్ళవాడికి రోజూ దండం పెడుతోంది.

అతనికేనా. ఆవిడ దండం పెట్టనిది ఎవరికి? రొట్టె ఇచ్చినవాడికి, నీళ్ళు పోసినవాడికి, కాళ్ళు బయటికొచ్చే పొట్టి దుప్పటి ఇచ్చినవాడికి కూడా పెట్టింది. నా పెద్దకోడల్నైనా దక్కించారు, మీ పిల్లలు చల్లగా ఉండాలి అంటుంది. ఆ ‘నైనా’ విన్నప్పుడల్లా కాలరక్క మీద కప్పుకున్న కోటు మెడ దాకా లాక్కుని గోడవైపు ఇంకాస్త జరిగేది.

ఇక గుమ్మంలో నిలబడ్డ మనిషి. అతను సొరంగాల మేస్త్రీ. కొండల్లో రైలుదారులకి సొరంగాలు తవ్వే ముఠాకి పెద్ద. భూకంపం కబురు తెలిసి, ఎవరూ పిలవకుండానే మనుషుల్నీ గునపాల్నీ లారీకెక్కించుకుని వచ్చినవాడు. కాలరక్కని బయటికి లాగిన చేతులు అతనివే. భుజాలు గుమ్మానికి సరిపోయేంత మనిషి, టోపీ చేతిలో నలుపుకుంటూ లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఉన్నాడు.

ఆ సాయంత్రం హాల్లో సభ. సభ అంటే సంబరం కాదు. వచ్చి సాయం చేసినవాళ్ళు వెళ్ళిపోతున్నారు, నాలుగు మంచిమాటలు చెప్పి పంపాలని శిబిరం చూసే ఆఫీసరు అనుకున్నాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన కుర్రవాడు, చొక్కా మార్చుకుని ఎన్నాళ్ళయిందో. పొద్దున వచ్చి కాలరక్క పరుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మీరు రెండు ముక్కలు చెబితే చాలమ్మా, అందరికీ ధైర్యంగా ఉంటుంది అని బతిమాలాడు. సభ అయ్యాక ముఠా లారీ ఎక్కుతుందని, ఆ వెంటనే పెద్ద యంత్రాలు పాతవీధిలోకి దిగి ఉన్నది ఉన్నట్టు చదును చేస్తాయని కూడా, నేల చూస్తూ చెప్పాడు.

అంటే ఆమె దండం పెడితే వెతుకులాట అయిపోయినట్టు. ఇది అతను అనలేదు. అననక్కర్లేదు.

“అదుగో, మేస్త్రీ వచ్చాడు. లేచి కూర్చో పెద్దదానా. ప్రాణం పోసినవాడు వస్తే వీపు చూపిస్తావా?” అంది అత్తగారు.

కాలరక్క లేచి కూర్చుంది. అత్తగారు తన మామూలు దండకం ఎత్తుకోబోయింది. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. తరవాత పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, చాలాసేపు తన టోపీ అంచు కుట్టు చూశాడు.

“అక్కా, సాయంత్రం మైకు దగ్గర నాకు థాంక్స్ చెప్పొద్దు. అది అడగడానికే వచ్చాను.”

కాలరక్క తలెత్తి అతన్ని చూసింది. ఆమె మాటే బయటికొచ్చిన దగ్గర్నుంచీ సన్నబడిపోయింది.

మిగతాది అతను నెమ్మదిగా, గోతిలోంచి మట్టి తోడినట్టు చెప్పాడు. శిథిలాల్లో మనిషి కోసం వెతకడానికి తమకో పద్ధతి ఉందన్నాడు. రాళ్ళ మధ్య సందు చూసి ఇనప గొట్టం దింపుతారు, చెవి ఆనిస్తారు. పైన అందరూ నోళ్ళు మూసుకుంటారు, యంత్రాలు ఆగుతాయి. విన్నవాడు చెయ్యెత్తి అరచెయ్యి చూపిస్తే కింద చప్పుడు ఉన్నట్టు. పిడికిలి బిగిస్తే లేనట్టు. పిడికిలి చూపించిన చోట మళ్ళీ చెవి పెట్టరు, ముందుకి వెళ్ళిపోతారు. వినేవాడు మేస్త్రీయే. ఎన్నో ఏళ్ళుగా రాళ్ళు వింటున్న చెవులు అతనివి.

“మీ కొట్టు దగ్గర గొట్టం ముందు వెనకవైపు దింపాను. సందులోంచి. అక్కడ చప్పుడు వినబడింది. చక్కగా, ఆగకుండా. అరచెయ్యి చూపించాను. మావాళ్ళు పలుగులు కూడా తీశారు.”

అత్తగారి చేతిలో రొట్టెముక్క ఉంది. అది అలాగే ఉండిపోయింది.

“అంతలో ముందువైపు నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. అది వచ్చిందో లేదో, వెనకది ఆగిపోయింది. గొంతు పట్టుకుని ఆపినట్టు ఆగింది. ఎంతసేపు చెవి పెట్టినా ఇంక రాలేదు. నేను... అప్పుడు పిడికిలి చూపించాను అక్కా. ముందువైపుకి వచ్చేశాం. నిన్ను తీశాం. మా పద్ధతి కాకపోయినా మళ్ళీ వెనక్కి వెళ్ళి గొట్టం పెట్టాను, ఏమీ లేదు. ఆ తరవాత నేల ఇంకోసారి అదిరింది, వెనకభాగం ఇంకా కిందకి కూర్చుంది. వినబడిన చోటు వదిలేసి వచ్చినవాణ్ణి. నువ్వు మైకులో నా పేరు ఎత్తి దండం పెడితే నేను అక్కడ నిలబడలేను.”

కాలరక్క పరుపు మీద నుంచి ఒక చెయ్యి చాపి బల్ల అంచు పట్టుకుంది.

“ఆ వెనక చప్పుడు ఎలా ఉంది?”

మేస్త్రీ అర్థంకానట్టు చూశాడు. ఎలా ఉందో కొట్టి చూపించమంది. అతను వేలి కణుపులతో బల్ల మీద కొట్టాడు. రెండు. ఆగి, మళ్ళీ రెండు. ఆగి, మళ్ళీ రెండు.

“ముందువైపుది?”

కొట్టాడు. మూడు.

ఇక్కడ ఆ కొట్టు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆ మూడు దెబ్బలకి ఆ ఇద్దరాడవాళ్ళూ ఎందుకు అలా తెల్లబోయారో తెలియదు. కొట్టుకి రెండు గదులు. ముందుగదికి వీధిలోకి కిటికీ, అక్కడ పెద్దది. వెనకగదికి కిటికీ లేదు, పగలు కూడా ట్యూబులైటే, అక్కడ చిన్నది. మధ్యలో గోడ. రెండూ కాలితో తొక్కే మిషన్లు. రెండూ ఆడుతుంటే ఎవరి తుమ్ము వాళ్ళకే వినబడదు. అందుకని కొత్తలోనే కత్తెర పిడితో గోడ మీద కొట్టి చెప్పుకోవడం అలవాటు చేసుకున్నారు. రెండు కొడితే టీ పెట్టానని. మూడు కొడితే మిషను ఆపమని.

ఊరికే ఆపడం కాదు. కదలకుండా ఉండాలి. పాత చెక్క నేల అది, వెనక మిషను తొక్కితే ముందుగదిలో కత్తిరింపు బల్ల వణుకుతుంది. యూనిఫారం గుడ్డ పొరల మీద పొరలు పేర్చి ఒక్కసారే కత్తిరించాలి, ఏ కొంచెం అదిరినా కింది పొరలు జరిగిపోతాయి. అందుకే మూడు కొట్టాక, కత్తిరింపు పూర్తయి పెద్దది మళ్ళీ ఒక్కటి కొట్టేదాకా, చిన్నది కాలు కదపకూడదు, కుర్చీ జరపకూడదు, దగ్గు వచ్చినా మింగాలి. ఒక్కటి కొడితే, కానీ, ఇంక తొక్కు అని.

మొదట్లో ఒకసారి చిన్నది తొందరపడి ఒక్కటి కొట్టకముందే తొక్కింది. ఆ దెబ్బకి ఒక బడి మొత్తం చొక్కాలకి ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ అయి కూర్చున్నాయి. పెద్దది పెట్టిన చీవాట్లు వీధి చివరి దాకా వినబడ్డాయి. అప్పట్నుంచీ చిన్నది పట్టుదలకి పోయింది. ఒకరోజు పెద్దది మూడు కొట్టి, కత్తిరింపు అయ్యాక ఒక్కటి కొట్టడం మరిచిపోయి దారాలు కొనుక్కురావడానికి బజారుకి పోయింది. తిరిగొచ్చి చూస్తే చిన్నది కాలు మిషను మీద, చేతులు ఒళ్ళో, బొమ్మలా కూర్చుని ఉంది. ఏమే, నిద్రపోతున్నావా అంటే, ఒకటి కొట్టలేదుగా అక్కా, అంది. అత్తగారు ఆ ముక్క చెప్పి వచ్చిన ప్రతివాళ్ళనీ నవ్వించేది. నా కోడళ్ళు కాదమ్మా, వడ్రంగిపిట్టలు, గోడ పొడుచుకుని బతుకుతారు అనేది.

ఈమధ్య అయితే ఆ దెబ్బలు తప్ప వాళ్ళ మధ్య మాటలే లేవు. చిన్నదానికి కాజాల పనితో చూపు మందగిస్తోంది. ఆర్నెల్లు నువ్వు, ఆర్నెల్లు నేను కిటికీ దగ్గర కూర్చుందాం అక్కా అని అడిగింది. అడగడం మెల్లగానే అడిగింది. పెద్దది ఆ పూట ఏ చిరాకులో ఉందో, కిటికీ ఏమన్నా పుట్టింటి నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చావా అనేసింది. చిన్నది గుడ్లనీరు కుక్కుకుని వెనకగదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఇంట్లో కంచాలు పెట్టుకునే చోట కూడా అత్తగారిని గోడలా మధ్యలో కూర్చోబెట్టి తిన్నారు. టీ మాత్రం చిన్నదే పెట్టేది. పెట్టి, గోడ మీద రెండు కొట్టేది. పెద్దది వెళ్ళి తాగి, గ్లాసు కడిగి పెట్టి, మారుమాట లేకుండా వచ్చేసేది.

ఇప్పుడు తెలిసిందా. ఆ చీకట్లో, నెత్తిన ఇల్లు పడి ఉండగా, చిన్నది కొట్టినవి రెండు. రెండు, మళ్ళీ రెండు. రా అక్కా, అని.

కాలరక్కకి గుర్తులేదని కాదు. నోట్లో దుమ్ము, కాలి మీద దూలం, ఎక్కడున్నదీ తెలియదు. ఎక్కడో టీ దెబ్బలు వినబడ్డాయి. కొట్లో ఉన్నాననే అనుకుంది. నేల వణుకుతున్నట్టుంది. నేల వణికితే కత్తిరింపు పాడవుతుంది. చేతిలో కత్తెర ఉంది. ఆ చెయ్యి ఆమెని అడగలేదు, ఇన్నేళ్ళ అలవాటు దానిది, దానికదే మూడు కొట్టింది. ఆ తరవాత పైనుంచి అరుపులు, వెలుగు, ఎవరో రెక్కల కింద చేతులు వేసి లాగడం. కత్తెర పిడికిట్లోంచి వదిలించడం డాక్టరు వల్ల కూడా కాలేదట. ఇప్పుడది తలగడ కింద ఉంది.

అత్తగారు రొట్టెముక్క దుప్పటి మీద పెట్టింది.

“మూడు కొట్టావా?”

“కొట్టాను అత్తయ్యా.”

“తరవాత ఒకటి కొట్టావా?”

కాలరక్క తల అడ్డంగా ఊపింది.

“మరి అదెలా కొడుతుందే?” అంది అత్తగారు, చాలా మామూలుగా, పొయ్యి ఆర్పావా అని అడిగినట్టు. “నువ్వు ఆపమంటే ఆగింది.”

మేస్త్రీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. కాలరక్క అతనికి చెప్పింది. ఎక్కువ మాటలేం లేవు. వినేకొద్దీ అతని పెద్దచేతులు టోపీని నలపడం మానేశాయి. ప్రాణం పోయి ఆగిన చప్పుడని అనుకున్నాడు గదా అతను. అది చావు కాదు. అది పెద్దదాని మాట వినడం.

అతను, అలా అయినా అక్కా, ఇన్ని రోజులు... అని ఆగాడు. నీళ్ళు లేకుండా అనబోయాడు. అనలేదు. బయట వీధిలో పెద్ద యంత్రం ఒకటి మొరాయించి, పొగ కక్కి, మోగడం మొదలుపెట్టింది.

సభకి జనం వచ్చేశారు. పిల్లలు రాసిన లెక్కలు ఇంకా నల్లబల్ల మీదే ఉన్నాయి, వాటి ముందు మైకు పెట్టారు. ఆఫీసరు నాలుగు మాటలు చెప్పి, రొట్టెల కొట్టాయన్ని పిలిచాడు. ఆయన భార్య పోయింది. పోయిన మర్నాటి నుంచే, కూలకుండా మిగిలిన పొయ్యి రాజేసి శిబిరానికంతటికీ రొట్టెలు కాలుస్తున్నాడు. చేతులకి పిండి ఉండగానే వచ్చాడు. వచ్చి, నా మనిషి ముఖం నాకు చూపించారు, ఒక్క దెబ్బ లేకుండా తీశారు, అదే పదివేలు అన్నాడు. అంతే అన్నాడు. సొరంగాల ముఠావాళ్ళు తలలు దించుకున్నారు. హాల్లో వెక్కిళ్ళు వినబడ్డాయి. శవాన్ని అప్పగించినందుకు దండం పెట్టే రోజు వచ్చిన ఊళ్ళో, బతికి బయటపడ్డ మనిషి ఇంకెంత వంగి పెట్టాలి?

అదే అనుకుని ఉంటారు అందరూ, కాలరక్క లేచినప్పుడు. కుంటుకుంటూ మైకు దాకా వెళ్ళింది. చేతిలో కత్తెర చూసి ముందువరసలో వాళ్ళు కొంచెం వెనక్కి జరిగారు.

“నేను థాంక్స్ చెప్పడానికి రాలేదు. ఎవరూ వెళ్ళొద్దని చెప్పడానికి వచ్చాను.”

మైకు ఒకసారి కీచుమంది. ఆమె ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. మా చిన్నది ఆగమంటే ఆగిందని, దానికి ఇంక కానీ అని చెప్పాల్సింది తనేనని, చెప్పలేదని, ఆ ఒక్కటీ చెప్పేదాకా యంత్రాలు ఆపమని అడిగింది. వినేవాళ్ళకి తలాతోకా తెలియలేదు. దెబ్బ తలకి తగిలిందేమో అని ఎవరో పక్కవాళ్ళ చెవిలో అన్నారు. ఇంకెవరో, ముఠావాళ్ళు వినేలాగే, ప్రాణం పోసినవాళ్ళకి ఇదా మర్యాద అన్నారు.

రొట్టెల కొట్టాయన లేచాడు. కోపం లేదు, అలసట ఉంది.

“నాకు ఇంట్లో మాట్లాడే మనిషి లేదు కాలరక్కా. నువ్వున్నావు. ఉన్నందుకు ఒక్క దండం పెట్టి కూర్చోలేవా?”

ఆమె అతని వైపు చూసింది. చెప్పడానికి ఏముంది. తను ఎందుకు బతికింది? కిటికీ వీధివైపు ఉంది, అటువైపు రాళ్ళు తక్కువ పడ్డాయి, అందుకు బతికింది. ఆ కిటికీ దగ్గర ఆ రోజు ఎవరు కూర్చుని ఉండాలి? అడిగింది ఎవరు, ఇవ్వనన్నది ఎవరు? ఇప్పుడు దండం పెట్టాలంటే ఆ ఇవ్వనన్న మాటకే పెట్టాలి. అన్నయ్యా, నన్ను తిట్టు, కూర్చోమని మాత్రం అనకు, అంది.

ఆఫీసరు ఆమెని పక్కకి తీసుకెళ్ళాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ కొట్టు పక్క మేడ ఒరిగి, దేని మీద నిలబడి ఉందో తెలియకుండా ఉందన్నాడు. ఇంకోసారి నేల కదిలితే వెతికేవాళ్ళ మీదే పడుతుందన్నాడు. బతికున్నవాళ్ళని నేను ఆ కిందకి పంపలేనమ్మా అన్నప్పుడు ఆ బొంగురుగొంతు పూర్తిగా పోయింది, పెదాలు మాత్రం కదిలాయి.

అప్పుడు అత్తగారు వచ్చింది. వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ దండాలు పెట్టిన చేతులు.

“బాబూ, నీకు పెట్టిన దండాలన్నీ నీ దగ్గరే ఉంచుకో. నేను వెనక్కి అడగను. ఒక్కసారి ఆ మోత ఆపించు. అది వినాలి గదా.”

మేస్త్రీ లారీ దగ్గరికి నడిచాడు. లారీలో పెట్టేసిన గొట్టం దించి భుజాన వేసుకున్నాడు. ముఠాలో ఎవరినీ రమ్మనలేదు. ఇంకెవరూ రాకూడదని మాత్రం గట్టిగా చెప్పి, మేడ నీడలోకి తనొక్కడే దిగాడు. ఆఫీసరు యంత్రం దగ్గరికి వెళ్ళి చెయ్యూపాడు. మోత ఆగింది. యంత్రాలు తిరగడానికి వెనక లారీలు దారి ఇవ్వాలి, ఆ లారీలన్నీ తిరిగేదాకే మీకు వ్యవధి, అన్నాడు.

పాతవీధి. గుర్తుపట్టడానికి ఏమీ లేదనుకుంటూనే కాలరక్క ప్రతిదీ గుర్తుపట్టింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క. కొలతల టేపు, పాములా రాళ్ళ మధ్యకి పోయి. యూనిఫారం నీలం, దుమ్ములో బూడిదరంగు అయిపోయి, చేతులు కుట్టని చొక్కా ఒకటి ఇనపచువ్వకి తగులుకుని ఊగుతోంది. కాజాలు తీసి ఉన్నాయి దానికి, ఒక్కటీ వంకర లేకుండా. ఆ గుడ్డివెలుగులో కూర్చుని తీసింది చిన్నది.

మేస్త్రీ వద్దన్నా ఆమె వెనకే వెళ్ళింది. అత్తగారు సందు మొదట్లో ఒక రాయి మీద కూర్చుంది, కొత్తగా బాగుచేసిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గొట్టం దింపాడు. ఎక్కడో రాయికి తగిలి ఆగింది, తిప్పి తిప్పి ఇంకాస్త దింపాడు. కాలరక్క మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర తిరగేసి పట్టుకుని, పిడితో గొట్టం మీద కొట్టింది.

ఒక్కటి.

ఆ చప్పుడు కిందికి పోయింది. వీధిలో ఊపిరి పీల్చే చప్పుడు కూడా లేదు. మేస్త్రీ చెవి గొట్టానికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ రాలేదు.

“ఇంకోసారి కొట్టనా?” అంది కాలరక్క.

“వద్దే. రెండు అయితే టీ అనుకుంటుంది,” అంది సందు మొదట్లోంచి అత్తగారు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. ఆవిడే మళ్ళీ అంది, “అయినా ఒకటి కొడితే అది ఎప్పుడు తిరిగి కొట్టింది గనక. మిషను తొక్కేది.”

అది విన్నాక కాలరక్క కత్తెర ఎత్తిన చెయ్యి దించింది. నిజమే. మూడుకి జవాబు నిశ్శబ్దం. ఒకటికి జవాబు మిషను చప్పుడు. మిషను ఎక్కడుంది? నుజ్జయిపోయి ఉంటుంది. ఇన్నేళ్ళుగా గోడ మీద కొట్టి కొట్టి మాట్లాడుకున్నారే గానీ, నేను బతికే ఉన్నాను అని చెప్పడానికి ఒక దెబ్బ పెట్టుకోలేదు. ఎవరు అనుకుంటారు, అలాంటిది ఒకటి కావలసి వస్తుందని. ఇప్పుడీ నిశ్శబ్దం చనిపోయిన మనిషిదా, కాలు మోపడానికి మిషను లేని మనిషిదా, ఎలా తెలుస్తుంది?

వీధి చివర లారీ ఒకటి వెనక్కి తిరిగింది. ఇంకొకటి తిరుగుతోంది.

ఇంక దెబ్బలతో పని కాదు. కత్తెర పక్కన పెట్టింది. గొట్టం నోటికి తన నోరు ఆనించింది. ఇనుము చల్లగా, తుప్పు రుచిగా ఉంది. కిటికీ గొడవ నాటి నుంచీ తోడికోడలితో ఒక్క మాట మాట్లాడని మనిషి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కొంతసేపు ఊరికే ఊపిరి వదిలింది. ఆ ఊపిరే ముందు కిందికి పోయింది.

“చిన్నీ. నేనే. అక్కని.”

గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది.

“కత్తిరింపు అయిపోయిందే. ఇంక కదులు. దగ్గు వస్తే దగ్గు. నేనేం అనను.” ఆగింది. తరవాతది ఆమె లోపలి నుంచి రాయి పెకలించినట్టు వచ్చింది. “కిటికీ దగ్గర నువ్వే కూర్చో. ఆర్నెల్లు కాదు. ఎప్పటికీ నువ్వే కూర్చో. విన్నావా?”

మేస్త్రీ ఆమెని మెల్లగా పక్కకి జరిపి తన చెవి ఆనించాడు. సందు మొదట్లో అత్తగారు రెండు చేతులూ ఎత్తబోయి, ఎవరికి పెట్టాలో తెలియనట్టు, మళ్ళీ ఒళ్ళో వేసుకుంది. వీధి చివర రొట్టెల కొట్టాయన, పిండిచేతులతో, యంత్రానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో.

ఆఖరి లారీ తిరిగింది.

మేస్త్రీ భుజం కదిలింది. చెవి గొట్టం మీద నుంచి తియ్యకుండానే, అతని కుడిచెయ్యి నెమ్మదిగా, దుమ్ములోంచి పైకి లేవడం మొదలైంది. కాలరక్క ఆ చేతి వేళ్ళ వైపే చూసింది. కళ్ళు తుడుచుకుని చూసింది. మళ్ళీ నిండిపోయాయి. అవి అరచెయ్యిగా విచ్చుకుంటున్నాయో, పిడికిలిగా బిగుసుకుంటున్నాయో ఆమెకి కనబడలేదు.